విజయవాడలో తక్కువ అద్దెకు ఇల్లు పట్టడం ఎలా?

పటమటలో ఒకే వీధిలో పక్కపక్కన రెండు గ్రూప్ హౌస్‌లు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ డబుల్ బెడ్‌రూమ్ ఖాళీగా ఉంది. ఒకటి పదిహేను వేలు, రెండోది పన్నెండున్నర. రెండోది చూడగానే ఆశ పుడుతుంది. ఆశతో పాటు అనుమానం కూడా పుట్టాలి. నెలకు రెండున్నర వేలు ఊరికే వదులుకునే ఓనరు బెజవాడలో ఉండడు. ఏదో కారణం ఉంటుంది. ఆ కారణంతో మీకు ఇబ్బంది లేకపోతే పండగే. ఉంటే మాత్రం ఆ రెండున్నర వేలూ కరెంటు బిల్లుగానో, నీళ్ల క్యాన్లుగానో, ఆసుపత్రి ఖర్చుగానో మళ్లీ మీ జేబులోంచే పోతాయి. అందుకే నేను చెప్పేదంతా ఆ కారణాన్ని పట్టుకోవడం గురించే.

ముందు కాగితం మీద లెక్క

టు-లెట్ బోర్డు మీద ఉండే అంకె ఒకటి, నెలకు మీకయ్యే ఖర్చు ఇంకొకటి. అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, తాగే నీళ్లు, రోజూ పోనూ రానూ ఖర్చు, పిల్లల స్కూలు వ్యాను... ఇవన్నీ కలిపితేనే అసలు అద్దె తెలుస్తుంది.

ఉదాహరణకు మీ ఉద్యోగం వన్ టౌన్‌లో. పోరంకిలో పదకొండు వేలకు ఒక ఇల్లు, సూర్యారావుపేటలో పద్నాలుగు వేలకు ఒకటి చూశారు. పోరంకి నుంచి బండి మీద పోనూ రానూ పాతిక కిలోమీటర్ల దాకా అవుతుంది. బండి లీటరుకు యాభై ఇస్తుందనుకుంటే నెలకు పన్నెండు, పదమూడు లీటర్లు. లీటరు 110 అనుకున్నా సుమారు పద్నాలుగు వందలు. అంటే పోరంకిలోనే ఇంకా పదహారు వందలు మిగులుతాయి. కానీ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే ఆ మిగులు దాదాపు కరిగిపోతుంది. పైగా సాయంత్రం బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటడానికి పట్టే సమయం ఏ కాగితం మీదా కనిపించదు. సచివాలయం ఉద్యోగులైతే అసలు నది దాటాలా అన్నది ముందు తేల్చుకోవాలి. వెలగపూడికి రోజూ వెళ్లేవాళ్లకు ఉండవల్లి, తాడేపల్లి, మంగళగిరి వైపు ఇల్లు ఉంటే ప్రకాశం బ్యారేజీ, కనకదుర్గ వారధి వంతెనల మీద రద్దీ బాధ తప్పుతుంది.

ఏ వైపు వెతకాలి

మొగల్రాజపురం, లబ్బీపేట, సిద్ధార్థ నగర్, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల చవక మాట మరిచిపోండి. అక్కడ కూడా పాత ఇళ్ల వెనక పోర్షన్లు దొరుకుతాయి గానీ ఓపిగ్గా తిరగాలి. పటమట, గుణదల, మాచవరం, సత్యనారాయణపురం, భవానీపురం మధ్యరకం. ఇంకా తగ్గాలంటే సింగ్ నగర్, పాయకాపురం, విద్యాధరపురం, గొల్లపూడి, యనమలకుదురు, నున్న, నిడమానూరు వైపు వెళ్లాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కానూరు, తాడిగడప, పోరంకి చూడ్డానికి ఊళ్లో కలిసిపోయినట్టే ఉన్నా విజయవాడ కార్పొరేషన్‌లో లేవు. 2022లో జిల్లాలు విడగొట్టాక అవి కృష్ణా జిల్లాలో ఉన్నాయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అద్దెకుండేవాడికి జిల్లాతో పనేంటి అనుకోవచ్చు. నీళ్లు, చెత్త బండి, మురుగు కాలువ ఏ ఆఫీసు చూస్తుందో తెలియాలి కదా.

ఎప్పుడు వెతకాలి

మే, జూన్ నెలల్లో వెతికితే బేరం ఆడలేరు. పిల్లల్ని ఇంటర్‌లో చేర్చడానికి పక్క జిల్లాల నుంచి కుటుంబాలే తరలి వస్తాయి. కాలేజీల దగ్గర ఏ ఇల్లు ఖాళీ అయినా బోర్డు పెట్టకముందే పోతుంది.

ఆషాఢం రాగానే సీను మారుతుంది. శూన్య మాసంలో పాలు పొంగించరు కాబట్టి కొత్తగా చేరేవాళ్లు ఉండరు. జూన్‌లో ఖాళీ అయిన ఇల్లు ఆషాఢంలో కూడా ఖాళీగా ఉంటే ఓనరుకు కంగారు మొదలవుతుంది. భాద్రపదం, పుష్యం కూడా అంతే. మీకు పట్టింపు లేకపోతే ఆ నెలలోనే చేరతామనండి, అద్దె తగ్గుతుంది. పట్టింపు ఉంటే ఆ నెలలో మాట్లాడుకుని, కొంత టోకెన్ ఇచ్చి, శ్రావణంలో ముహూర్తం పెట్టుకోండి. కొంతమంది మాసం మారకముందే వెళ్లి పాలు పొంగించి వచ్చి, సామాను తీరిగ్గా తరలిస్తారు. అదీ ఒక మార్గమే.

ఎలా వెతకాలి

ఫోన్లో యాప్‌లు చూడండి, తప్పులేదు. ఏ ఏరియాలో ఎంత నడుస్తోందో తెలుస్తుంది. కానీ తక్కువ అద్దె ఇళ్ల ఓనర్లలో చాలామంది పెద్దవాళ్లు. వాళ్లు ఫోటోలు తీసి యాప్‌లో పెట్టరు. గేటుకు అట్ట ముక్క కట్టి, దాని మీద స్కెచ్ పెన్‌తో ఫోన్ నంబరు రాస్తారు. ఆ నంబరు కూడా ఎండకు వెలిసిపోయి సగమే కనిపిస్తుంది. దాన్ని చూడాలంటే వీధిలో నడవాల్సిందే.

ఒక్కో రోజు ఒక్కో పేట పెట్టుకోండి. పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే ఎండ తగలకముందే నాలుగు వీధులు తిరగొచ్చు. అడగాల్సింది ముగ్గుర్ని: ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టు ఆయన్ని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని. ఎవరు ఖాళీ చేస్తున్నారో వాళ్లకు ఓనరు కన్నా ముందే తెలుస్తుంది. ఇల్లు కుదిరాక వాచ్‌మన్ చేతిలో ఎంతో కొంత పెట్టడం మర్యాద. బ్రోకరు దగ్గరికి వెళ్తే ఎంత ఇవ్వాలో ఇల్లు చూడకముందే అడగండి. కొందరు సగం నెల అద్దె, కొందరు పూర్తి నెల అద్దె అడుగుతారు. ఇల్లు చూపించినందుకే డబ్బులు అడిగితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

"నేను మిలటరీలో ఉన్నాను, ఇల్లు ఖాళీగా ఉంది, అడ్వాన్సు ఫోన్‌పే చేస్తే తాళం పంపిస్తాను" అనే రకం మెసేజీలు ఇక్కడా తిరుగుతున్నాయి. ఇంట్లో కాలు పెట్టకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి.

కోరి తెచ్చుకోవాల్సిన లోపాలు

అద్దె తగ్గడానికి మన దగ్గర పెద్ద కారణం వాస్తు. దక్షిణం వాకిలి, వీధిపోటు, ఈశాన్యంలో మెట్లు... ఇలాంటివి ఉన్న ఇళ్లు నెలల తరబడి ఖాళీగా ఉంటాయి. తూర్పు ఫేసింగ్ ఇంటికి నలుగురు పోటీ పడుతుంటే దక్షిణం ఇంటి ఓనరు ఫోన్ మోగక ఎదురుచూస్తుంటాడు. మీకూ, ముఖ్యంగా మీ ఇంట్లో పెద్దవాళ్లకూ నమ్మకం లేకపోతే ఇంతకన్నా మంచి బేరం ఊళ్లో లేదు. పెద్దవాళ్ల మాట ఎందుకన్నానంటే, చేరాక ఎవరికి జ్వరం వచ్చినా ఆ వాకిలి మీదికే పోతుంది.

రెండోది లిఫ్టు లేని పాత గ్రూప్ హౌస్‌లు. సత్యనారాయణపురం, సూర్యారావుపేట లాంటి పాత పేటల్లో ఇవి ఉన్నాయి. గదులు పెద్దవి, గోడలు మందం, మెయింటెనెన్స్ తక్కువ. మూడో అంతస్తు ఎక్కగలిగితే చాలు. గ్యాస్ బండ పైకి తెచ్చిస్తారా, ఎంత అదనంగా అడుగుతారో మాత్రం కనుక్కోండి.

మూడోది పై అంతస్తు. దీని గురించి అందరూ భయపెడతారు, నేను లెక్క చెప్తాను. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఇళ్లకు నెలకు 225 యూనిట్లు దాటితే ఆ పైన యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. కింది అంతస్తులో వేసవిలో నెలకు 300 యూనిట్లు కాల్చే కుటుంబం, శ్లాబు వేడికి పై అంతస్తులో రోజూ ఏసీ ఇంకో నాలుగు గంటలు ఎక్కువ వేసుకుంటే 450 అవుతుందనుకుందాం. ఆ 150 యూనిట్లకు పడేది సుమారు 1,360 రూపాయలు. అలాంటి నెలలు ఏడాదికి మూడు. కలిపి నాలుగు వేల చిల్లర. పై అంతస్తు అని నెలకు ఐదు వందలు తగ్గించినా ఏడాదికి ఆరు వేలు తగ్గినట్టే. కాబట్టి డబ్బు లెక్కలో పై అంతస్తుదే గెలుపు. ఒంటికి పడుతుందా అన్నదే ప్రశ్న. చంటిపిల్లలు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉంటే వద్దు. రోహిణీ కార్తెలో బెజవాడ శ్లాబు రాత్రి పదకొండింటికి కూడా చల్లబడదు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వెళ్లి పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. ఎవర్నీ అడగక్కర్లేదు.

అద్దె ఎంత తగ్గించినా వద్దనాల్సినవి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినా నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ వల్ల కృష్ణలంక చాలావరకు బయటపడింది. అంటే "ఏటి పక్కన వద్దు" అనే పాత మాట ఒక్కటే సరిపోదు. నది ఎంత దూరంలో ఉందో కాదు, ఆ వీధి ఎంత పల్లంలో ఉందో చూడాలి.

అలాగని సింగ్ నగర్ మొత్తాన్ని కొట్టిపారేయకండి. తక్కువ అద్దెకు ఊరికి దగ్గరగా ఉండేది అదే. డాబా కొట్ల సెంటర్‌కు, పైపుల రోడ్డుకు అటూ ఇటూ వీధి వీధికీ తేడా ఉంటుంది. ఇంటి ఓనర్ని కాకుండా వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని అడగండి.

"ఏమండీ, ఆ వరదప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎందాకా వచ్చాయండి?"

ఆయన అడుగుల్లో, అంగుళాల్లో చెప్పడు. చెయ్యి ఎత్తి మోకాలి దగ్గరో, నడుం దగ్గరో, గుండె దగ్గరో పెట్టి "ఇందాకా" అంటాడు. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని ఇంట్లోకి వెళ్లండి. కొత్త రంగు వేసినా గోడ మీద ఆ ఎత్తులో సన్నటి చార కొన్నిచోట్ల తేలుతుంది. బాత్‌రూమ్ తలుపు కింది చెక్క ఉబ్బి ఉందా, అలమరా అడుగున పొరలు ఊడాయా చూడండి. మీటరు పెట్టె, మోటారు స్విచ్చి ఈమధ్య పైకి జరిపినట్టుంటే ఇంకేం అడగక్కర్లేదు. అలాంటి వీధిలో గ్రౌండ్ ఫ్లోరు వద్దు. మొదటి అంతస్తు, ఆ పైన అయితే ఆలోచించవచ్చు. బండి, సామాను ఎక్కడ పెడతారో మాత్రం ముందే తేల్చుకోండి.

కొండ పక్కన ఇళ్లకూ ఇదే జాగ్రత్త. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. విద్యాధరపురం, గుణదల, మొగల్రాజపురం కొండల మీద అద్దె తక్కువే. మెట్ల దారి ఎక్కడం కష్టమే గానీ అలవాటవుతుంది. ఇంటి వెనక గోడకు ఆనుకునే కొండ చెక్కి ఉంటే, పైన వదులు బండలు కనిపిస్తుంటే, అడిగినదానికి సగం అద్దెకిచ్చినా తీసుకోకండి.

గాలి ఆడని ఇల్లు కూడా ఈ జాబితాలోనే. రెండు గోడల మధ్య మూడడుగుల సందులోకి తెరుచుకునే కిటికీని కిటికీ అనకూడదు.

ఇంట్లోకి వెళ్లాక: నీళ్లు, మీటరు

నీళ్లు వచ్చే వేళ అడిగి, ఆ వేళకే ఇల్లు చూడ్డానికి వెళ్లండి. కార్పొరేషన్ నీళ్లు సంపులోకి పడతాయా, లేక అన్నింటికీ బోరేనా? బాత్‌రూమ్ కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే బోరు నీళ్లు ఉప్పగా ఉన్నట్టే. గీజరు త్వరగా పాడవుతుంది, పప్పు ఉడకదు, రోజుకో క్యాను కొనాలి. ఒక దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని చూడటానికి సిగ్గుపడకండి.

మీటరు సంగతి చాలామంది పట్టించుకోరు, నెలనెలా ఎక్కువ నష్టపోయేది అక్కడే. పోర్షన్లలో ఇంటికంతా ఒకే మీటరు ఉండి, అద్దెకున్నవాళ్లకు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో తొమ్మిదో తీసుకునే ఓనర్లు ఉన్నారు. మీకు విడి మీటరు ఉండి నెలకు 150 యూనిట్లు కాల్చారనుకోండి. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, ఆ పైన పాతిక 6 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెడితే 567 రూపాయలు. అవే 150 యూనిట్లకు సబ్ మీటరులో తొమ్మిది చొప్పున 1,350. అంటే అద్దె మీద ఎనిమిది వందలు కలిపినట్టు. ఓనర్ని తిట్టుకోకండి. మూడు పోర్షన్లు ఒకే మీటరు మీద నడిస్తే ఆయనకూ పై శ్లాబులోనే బిల్లు వస్తుంది. విడి మీటరు ఉన్న ఇల్లు చూసుకోవడమే దీనికి మందు. ఉంటే పాత బిల్లు ఒకటి అడిగి తీసుకోండి. అందులోని సర్వీసు నంబరుతో బకాయిలు ఉన్నాయేమో చూడొచ్చు, మీటరు ఎవరి పేరు మీద ఉందో కూడా తెలుస్తుంది.

ఓనరుతో మాట

మొదట మిమ్మల్నే ప్రశ్నలడుగుతారు. ఏ ఊరు, ఏం చేస్తారు, ఎంతమంది, ఏవిట్లు (అంటే ఏ కులం), నీచు తింటారా, చుట్టాలు ఎక్కువ వస్తారా. వీటిలో కొన్ని అడగకూడనివే. నాకూ నచ్చవు. కులం అడిగేవాళ్ల ఇంట్లో చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. తిండి విషయంలో మాత్రం అబద్ధం చెప్పి చేరకండి, వంటింటి వాసన ఎన్నాళ్లు దాస్తారు? బ్యాచిలర్లయితే ఓనరు పక్క పోర్షన్‌లో ఉండే ఇళ్ల మీద సమయం పాడుచేసుకోకండి. ఇల్లు వేరేచోట ఉన్న ఓనర్ల దగ్గర పని తేలిగ్గా అవుతుంది.

బేరంలో ఇల్లు బాగాలేదని ఎప్పుడూ అనకండి. అది ఆయన కష్టపడి కట్టుకున్న ఇల్లు. మీ గురించి చెప్పుకోండి.

"పదమూడు అన్నారండి. మేం ఇద్దరం, పాప. రెండేళ్లు కదలం. పన్నెండు చేయండి బాబాయిగారూ."

"ఇంతకుముందున్నవాళ్లు పదమూడే ఇచ్చారమ్మా."

"వాళ్లు ఖాళీ చేసి రెండు నెలలైందంట కదండీ."

"... సరే, పన్నెండున్నర. నీళ్లకు వేరే అడగన్లే."

రెండు నెలలుగా ఖాళీ అన్న ముక్క మీకు ఇస్త్రీ బండి దగ్గరే తెలిసి ఉండాలి. అద్దె తగ్గించనంటే ఏడాదికి పెంపు తక్కువ అడగండి, లేదా సున్నం వేయించమనండి.

అడ్వాన్సు, అగ్రిమెంటు

ఇక్కడ సాధారణంగా రెండు, మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్లకు రెండు నెలలు మించకూడదని ఉంది. బేరానికి ఆ మాట వాడుకోవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, తప్పనిసరై నగదు ఇస్తే రసీదు తీసుకోండి.

ఇచ్చేముందు ఇంటి పన్ను రసీదు చూపించమనండి. అందులో పేరు, మీతో మాట్లాడేవాళ్ల పేరు ఒకటేనా? ఈ ఊళ్లో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు, ఇక్కడ బావమరిదో మేనమామో చూస్తుంటాడు. అలాంటప్పుడు ఓనరుతో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడి, అద్దె ఓనరు ఖాతాకే వేయండి. ఎన్నారై ఓనరుకు కట్టే అద్దెలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాడి మీదే ఉంటుంది. తెలిసిన ఆడిటరును ఒక మాట అడగండి. మీరు ఆఫీసులో అద్దె రసీదులు పెట్టి పన్ను తగ్గించుకునేవాళ్లయితే, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి. ఇస్తారో లేదో చేరకముందే తేల్చుకోండి, చేరాక అడిగితే మొహం మారుతుంది.

అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తారు. స్టాంపు వెండరు దగ్గర దొరికే అచ్చు కాగితంలో అన్నీ ఓనరు వైపే ఉంటాయి. అందులో చేత్తోనైనా కొన్ని రాయించండి: ఏటా ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఇరువైపులా ఎన్ని నెలల ముందు చెప్పాలి, మోటారు, గీజరు పాడైతే ఎవరు బాగుచేయించాలి, వెళ్లేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు. ఈ ఆఖరిది రాయించకపోతే ఒక నెల అద్దె గాల్లో కలిసినట్టే.

చేరే రోజు

సామాను దించకముందే ప్రతి గదీ వీడియో తీయండి. పగిలిన టైలు, పెచ్చులూడిన గోడ, కారే కుళాయి, మీటరు రీడింగు, అన్నీ అందులో పడాలి. ఆ వీడియో అదే రోజు ఓనరుకు వాట్సాప్ చేయండి. తర్వాత ఇవి మీరు చేశారు, మేం చేయలేదు అన్న గొడవ ఉండదు. అగ్రిమెంటు కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, గ్యాస్ అడ్రసు మార్పుకు పనికొస్తుంది. తాళం చెవులు ఎన్ని ఇచ్చారో లెక్క చూసుకోండి. పాత అద్దెవాళ్ల దగ్గర ఒకటి ఉండిపోవడం మామూలే కాబట్టి వీధి గుమ్మానికి మీ సొంత తాళం కప్ప ఒకటి కొనుక్కుని, ఓనరుకు చెప్పి ఆ రోజే వేసుకోండి.